టోపీ ఇవ్వలేదు... టోపీ పెట్టారు!

750 వికెట్లు తీసిన రాజిందర్ గోయెల్‌కు ఒక్క టెస్టు దక్కలేదు. దాన్ని దురదృష్టం అని పిలవడం అన్యాయానికి ముద్దుపేరు పెట్టడమే.

"టాలెంట్ ఉన్నోణ్ని ఎవడాపుతడు?"

ఈ మాట వినని విద్యార్థి ఉన్నాడా? ఈ మాట పడని ఉద్యోగి ఉన్నాడా? కొలువు రాకపోతే ఇదే మాట. ప్రమోషన్ ఆగితే ఇదే మాట. జాబితాలో పేరు ఎందుకు లేదని అడిగితే ఇదే మాట. నీలో సత్తా ఉంటే పైకొచ్చేవాడివి, రాలేదంటే సత్తా లేదన్నట్టే! ఎంత సులువైన లెక్క! అడిగినోని నోరు మూయడానికి ఇంతకన్నా మంచి తాళంకప్ప ఇంకోటి లేదు.

ఆ మాట చెప్పే పెద్దమనుషుల ముందు ఒక మనిషి బతుకును పెడదాం. జవాబు చెప్పమందాం.

ఆ మనిషి పేరు రాజిందర్ గోయెల్. 1942 సెప్టెంబర్ 20న నర్వానాలో పుట్టాడు. ఇప్పుడది హర్యానా. అప్పుడు పంజాబ్. ఎడమచేతి వాటం స్పిన్నర్. 1958-59లో, పదహారేళ్ల వయసులో పటియాలా జట్టుతో మొదలుపెట్టాడు. 1984-85లో, 42 ఏళ్ల వయసులో బంతి కింద పెట్టాడు. పటియాలా, సదరన్ పంజాబ్, ఢిల్లీ, హర్యానా. నెహ్రూ ప్రధానిగా ఉన్నప్పుడు మొదలైన ఆట రాజీవ్ గాంధీ ప్రధాని అయ్యేదాకా సాగింది.

157 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు. 750 వికెట్లు. ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు సగటున 18.58. ఇన్నింగ్స్‌లో అయిదు వికెట్లు 59 సార్లు. మ్యాచ్‌లో పది వికెట్లు 18 సార్లు. ఒక్క రంజీ ట్రోఫీలోనే 637 వికెట్లు. రెండో స్థానంలో ఉన్న వెంకటరాఘవన్‌వి 530. నడుమ వందకు పైగా తేడా. గోయెల్ ఆట ఆపి నలభై ఏళ్లు దాటింది. ఆ 637ను ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు.

మరి ఇండియా తరఫున ఎన్ని టెస్టులు ఆడాడు?

సున్నా.

ఇప్పుడు చెప్పండి. టాలెంట్ ఉన్నోణ్ని ఎవరూ ఆపలేరా? ఇతన్ని ఎవరాపారు?

బేడీ పేరు చాటున

దీనికి తయారుగా ఉన్న జవాబు ఒకటి ఉంది. యాభై ఏళ్లుగా అరిగిపోయిన రికార్డులాగ తిరుగుతూనే ఉంది. "పాపం, బిషన్ సింగ్ బేడీ కాలంలో పుట్టాడు. దురదృష్టం."

బేడీ గొప్పవాడు. 67 టెస్టుల్లో 266 వికెట్లు తీసిన మొనగాడు. ఆయనతో మనకు పంచాయితీ లేదు. గోయెల్‌ను నోరారా మెచ్చుకున్నవాళ్లలో బేడీ కూడా ఉన్నాడు. ఇద్దరూ ఢిల్లీ జట్టులో కలిసి ఆడినవాళ్లే. మన పంచాయితీ బేడీ పేరును అడ్డం పెట్టుకుని తప్పించుకునేవాళ్లతోనే.

సరే, బేడీ ఉన్నాడు కాబట్టి జాగ లేదన్నారు. బేడీ లేనప్పుడు ఏం చేశారు?

1974 నవంబర్. వెస్టిండీస్ జట్టు వచ్చింది. బెంగళూరులో మొదటి టెస్టు. క్రమశిక్షణ పేరుతో బోర్డు బేడీని పక్కన పెట్టింది. గోయెల్‌కు పిలుపొచ్చింది. అప్పటికి వయసు 32. పదహారేళ్లుగా ఎదురుచూసిన పిలుపు. ఎడమచేతి స్పిన్నర్ జాగ ఖాళీ. పోటీకి బేడీ లేడు. ఇంకేం కావాలి?

తీరా ఆట మొదలయ్యే సమయానికి పదకొండు మందిలో గోయెల్ పేరు లేదు.

ఆ మ్యాచ్‌లో ఆడిన స్పిన్నర్లు చంద్రశేఖర్, ప్రసన్న, వెంకటరాఘవన్. ఇక్కడ ఆగి చూడాలి. ప్రసన్నది ఆఫ్ స్పిన్. వెంకటరాఘవన్‌దీ ఆఫ్ స్పిన్. అంటే ఒకే రకం బౌలర్లు ఇద్దరికి జట్టులో జాగ దొరికింది. ఎడమచేతి స్పిన్నర్ ఒక్కనికి మాత్రం దొరకలేదు. బేడీ, గోయెల్ ఇద్దరూ ఒకే రకం బౌలర్లు కాబట్టి ఇద్దరినీ ఆడించలేమన్న వాదం ఆ పొద్దున బెంగళూరులోనే కూలిపోయింది. రూలు ఒకటే. ఒకరికి వర్తిస్తుంది, ఇంకొకరికి వర్తించదు. ఇలాంటి రూళ్లు మనకు కొత్తా?

ఫలితమేంటి? గ్రీనిడ్జ్‌కు అది తొలి టెస్టు. 93, 107 కొట్టాడు. లాయిడ్ 163 కొట్టాడు. ఇండియా 267 పరుగుల తేడాతో ఓడింది. గోయెల్ ఉంటే గెలిచేవాళ్లమని చెప్పడం లేదు. అట్లా చెప్పడం అబద్ధమవుతుంది. గెలుపోటముల సంగతి పక్కన పెడితే, ఆయన హక్కు ఆయనకు ఎందుకు ఇవ్వలేదన్నదే ప్రశ్న. పరీక్ష రాయనివ్వకుండానే ఫెయిల్ చేసిన లెక్క ఇది.

తర్వాతి టెస్టుకు ఢిల్లీలో బేడీ తిరిగొచ్చాడు. తలుపు మూసుకుంది.

వయసు అడ్డమైందా?

ఇంకో ముచ్చట. 1979లో బేడీ టెస్టు ఆట ముగిసింది. ఎడమచేతి స్పిన్నర్ జాగ మళ్లీ ఖాళీ అయింది. ఈసారి పిలుపు దిలీప్ దోషికి వెళ్లింది. దోషి 33 టెస్టుల్లో 114 వికెట్లు తీశాడు. యోగ్యుడే. ఆయన కూడా ముప్పై దాటాక, ఎన్నో ఏళ్లు దేశవాళీలో చెమటోడ్చాకే ఆ పిలుపు అందుకున్నాడు. ఆయనను తప్పుపట్టేది లేదు.

మరి గోయెల్? అప్పటికి 37కు చేరువలో ఉన్నాడు. ముసలోడు అనుకుందాం. ఆ 'ముసలోడు' ఆ తర్వాత ఇంకెన్ని సీజన్లు ఆడాడు? 1984-85 దాకా. రంజీ బ్యాట్స్‌మెన్‌ను అవుట్ చేయడానికి అడ్డం రాని వయసు, దేశం టోపీ పెట్టుకోవడానికి మాత్రం అడ్డమొచ్చిందా?

ఈ దేశం మొదటి టెస్టు ఆడింది 1932లో, లార్డ్స్‌లో. కెప్టెన్ సి.కె.నాయుడు. నాగపూర్‌లో పుట్టిన తెలుగు కుటుంబం బిడ్డ. ఆ రోజున ఆయన వయసు 36. దేశానికి మొట్టమొదటి కెప్టెనే 36 ఏళ్లకు తొలి టెస్టు ఆడాడు. అయినా వయసు గురించి మనకే పాఠాలు చెప్తారు!

ఇందులోనే ఇంకో వెటకారం ఉంది. 2017లో బోర్డుకు గోయెల్ యాదికొచ్చాడు. జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చింది. ఆ అవార్డు ఎవరి పేరు మీద ఉంది? కర్నల్ సి.కె.నాయుడు పేరు మీదే. 36 ఏళ్లకు తొలి టెస్టు ఆడిన మనిషి పేరుతో, ఒక్క టెస్టూ ఆడనివ్వని మనిషికి 74వ ఏట సన్మానం. కడుపు కాలిన్నాడు అన్నం పెట్టలేదు. పళ్లూడిపోయినంక పీటేసి విందుకు పిలిచారు. చప్పట్లు కొట్టారు. ఫొటోలు దిగారు. ఒక్కరన్నా "మేం తప్పు చేశాం" అన్నారా?

తెలుగులో ఒక మాట ఉంది. ఒకన్ని మోసం చేస్తే 'టోపీ పెట్టారు' అంటాం. గోయెల్‌కు ఇండియా టోపీ ఇవ్వలేదు. టోపీ పెట్టారు.

ఇది ప్రాంతం గొడవేనా?

ఇక్కడ ఒక ప్రశ్నను దాచిపెట్టి మాట్లాడటం నిజాయితీ కాదు. బొంబాయివాడు కాదు కాబట్టే గోయెల్‌ను తొక్కారా? నిజమే, ఆయన ఆట మొదలైన 1958-59 నుంచి 1972-73 దాకా వరసగా 15 సార్లు రంజీ ట్రోఫీ బొంబాయిదే. అప్పట్లో పేపర్ల కళ్లు, పెద్దల కళ్లు అటే ఉండేవి.

కానీ ఆ బొంబాయిలోనే పద్మాకర్ శివాల్కర్ ఉన్నాడు. ఆయనా ఎడమచేతి స్పిన్నరే. 589 ఫస్ట్‌క్లాస్ వికెట్లు. 1972-73 రంజీ ఫైనల్లో మద్రాసులో తమిళనాడు మీద ఒక ఇన్నింగ్స్‌లో 16 పరుగులకు 8 వికెట్లు, రెండో దాంట్లో 18 పరుగులకు 5. ఫైనల్లో, పరాయి గడ్డ మీద, 34 పరుగులిచ్చి 13 వికెట్లు! ఆయనకూ టెస్టు దక్కలేదు. 2017లో ఆయనకూ అదే అవార్డు ఇచ్చారు. 2025 మార్చిలో పోయాడు. తన 'ఐడల్స్' పుస్తకంలో గవాస్కర్ తన ఆరాధ్యుల సరసన ఈ ఇద్దరికీ జాగ ఇచ్చాడు. గవాస్కర్ పుస్తకంలో దొరికిన జాగ దేశం జట్టులో దొరకలేదు.

కాబట్టి ఒక్క ప్రాంతం లెక్కతోనే దీన్ని తేల్చలేం. అసలు రోగం మూసిన గదిలో ఉంది. నలుగురైదుగురు తలుపేసుకుని కూర్చుంటారు. ఒక జాబితా బయటికొస్తుంది. ఎవరిని ఎందుకు తీసుకున్నారు, ఎవరిని ఎందుకు వదిలేశారు? రాసి సంతకం పెట్టి జనం ముందు పెట్టే అలవాటు లేదు. జోన్‌కొక సెలెక్టర్ పద్ధతి దశాబ్దాల పాటు నడిచింది. పేరుకు అందరికీ ప్రాతినిధ్యం. జవాబుదారీతనం మాత్రం ఎవరికీ లేదు. 2016లో లోధా కమిటీ సిఫార్సులకు సుప్రీంకోర్టు ఆమోదం తెలిపి బోర్డు ఇల్లు సర్దుకొమ్మని చెప్పాల్సి వచ్చింది. దేశం పేరు పెట్టుకుని ఆడించే సంస్థకు కోర్టు మెట్లెక్కితే గాని సోయి రాలేదు.

ఆ గదిలో మన మనిషి లేకపోతే మన గోస వినపడదు. మన మనిషి ఉన్నా, ఆయన అక్కడ నోరు విప్పాడో లేదో మనకు తెలియదు. రెండూ నిజాలే. రెండోదాన్ని మరిచిపోతే మొదటిది సాధించినా లాభం ఉండదు.

హర్యానా చెప్పే పాఠం

ఇక్కడ మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఒకటుంది. పంజాబ్ నుంచి విడిపోయి హర్యానా రాష్ట్రం ఏర్పడ్డది 1966 నవంబర్ 1న. ఆ తేదీ ప్రత్యేకత మనకెవరూ చెప్పనక్కరలేదు. సరిగ్గా పదేళ్ల ముందు అదే తేదీన ఇక్కడేం జరిగిందో మనకు ఎరికే.

చిన్న రాష్ట్రం ఏం సాధిస్తుందని అప్పుడూ ఎకసెక్కాలు ఆడినోళ్లున్నారు. హర్యానాకు సొంత రంజీ జట్టు వచ్చింది. 1973-74లో గోయెల్ ఢిల్లీ వదిలి సొంతగడ్డకు వచ్చాడు. అదే సీజన్‌లో రైల్వేస్ మీద 55 పరుగులకు 8 వికెట్లు తీశాడు. ఆయన జీవితంలో అదే అత్యుత్తమం. 1975లో అదే జట్టులోకి ఒక పదహారేళ్ల పిలగాడు వచ్చాడు. పేరు కపిల్‌దేవ్. మూడేళ్లు తిరక్కుండానే టెస్టు ఆడాడు. 1983లో ప్రపంచకప్పు ఎత్తాడు. 1990-91లో అదే కపిల్ కెప్టెన్సీలో హర్యానా బొంబాయిని బొంబాయిలోనే, వాంఖడేలో, రెండంటే రెండే పరుగుల తేడాతో ఓడించి రంజీ ట్రోఫీ పట్టుకుపోయింది. ఎకసెక్కాలాడిన నోళ్లు మూతపడ్డాయి.

సొంత జట్టు లేకపోతే ఆ పిలగాడికి అంత తొందరగా బంతి దొరికేదా? సొంత గుర్తింపు ఏం తెస్తుందో దీన్ని మించిన సాక్ష్యం అక్కరలేదు. కానీ ఇదే పాఠానికి రెండో సగం ఉంది. దాన్ని కూడా చదవాలి. హర్యానాకు రాష్ట్రం వచ్చింది. జట్టు వచ్చింది. కప్పు కూడా వచ్చింది. గోయెల్‌కు మాత్రం టోపీ రాలేదు. ఎందుకంటే జాబితా రాసే గది తీరు మారలేదు. జెండా మారితే సరిపోదు. జాబితా రాసే పద్ధతి మారాలి. 2014 జూన్ 2 తర్వాత ఈ మాట మనకు ఇంకా బాగా అర్థం కావాలి.

2013 అక్టోబర్‌లో రోహ్‌తక్ పక్కన లాహ్లీలో సచిన్ టెండూల్కర్ తన చివరి రంజీ మ్యాచ్ ఆడాడు. ముంబయి, హర్యానా మ్యాచ్. దేశంలో ఉన్న కెమెరాలన్నీ ఆ చిన్న ఊరికి పరుగెత్తాయి. సచిన్ దానికి అర్హుడు. కానీ అదే హర్యానా కోసం ఒక మనిషి నలభై దాటేదాకా బంతులేసినప్పుడు ఎన్ని కెమెరాలొచ్చాయి? దేశవాళీ క్రికెట్ అంటే ఖాళీ మెట్లు, నాలుగు చప్పట్లు, పేపర్లో చివరి పేజీల చీమతలకాయంత అక్షరాల్లో స్కోరు. అక్కడ బతుకంతా ధారపోసినోళ్ల చెమట మీదే పైన మెరిసే క్రికెట్ నిలబడి ఉంది.

ఒక్క గోయెల్ కథ కాదు

ఇదంతా పాత చింతకాయ పచ్చడి అనేవాళ్లుంటారు. అట్లయితే కొత్తవి చూద్దాం.

మన హైదరాబాద్ ఆఫ్ స్పిన్నర్ కన్వల్‌జిత్ సింగ్. 300కు పైగా ఫస్ట్‌క్లాస్ వికెట్లు. 1999-2000లో హైదరాబాద్ రంజీ ఫైనల్ దాకా పోయిన ఏడాది లక్ష్మణ్ 1415 పరుగులు చేసి రికార్డు సృష్టించాడు. దేశమంతా అది చెప్పుకుంది. ఆ ఏడాదే నలభై దాటిన వయసులో బంతి తిప్పి జట్టును మోసిన కన్వల్‌జిత్‌ను ఎంతమంది చెప్పుకున్నారు? ఆయనకూ టెస్టు లేదు.

అమోల్ మజుందార్. తొలి రంజీ మ్యాచ్‌లోనే 260. పదకొండు వేలకు పైగా ఫస్ట్‌క్లాస్ పరుగులు. చివరి రోజుల్లో ఆంధ్ర జట్టుకు కూడా ఆడాడు. ఇండియా టోపీ పెట్టుకోలేదు. అదే మనిషి కోచ్‌గా ఉండగా 2025 నవంబర్ 2న మన ఆడబిడ్డలు ప్రపంచకప్పు గెలిచారు. ఆయనకు ఆట రాదా? ఆట రానోడు ప్రపంచ విజేతలను తయారు చేస్తాడా?

జలజ్ సక్సేనా. రంజీలో 6000 పరుగులు, 400 వికెట్లు రెండూ అందుకున్న మొదటి ఆటగాడు. 2024లో ఆ మైలురాయి దాటాడు. ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ లేదు.

వీళ్లందరూ దురదృష్టవంతులేనా? ఒకరికి జరిగితే దురదృష్టం అనుకోవచ్చు. తరం తర్వాత తరానికి జరిగితే దాని పేరు దురదృష్టం కాదు. పద్ధతి!

అన్యాయమని ఒప్పుకుంటే చేసినోని పేరు చెప్పాలి. దురదృష్టమంటే ఎవరి పేరూ చెప్పనక్కరలేదు. దేవుడి మీదికి, గ్రహాల మీదికి తోసేయొచ్చు. అందుకే కుర్చీలో కూర్చున్నోళ్లకు ఆ మాట అంత ఇష్టం. బెంగళూరులో గోయెల్ పేరు కొట్టేసింది శనిగ్రహం కాదు. మనుషులు.

జట్టులో పదకొండు మందికే జాగ ఉంటుంది, అందరినీ ఎట్లా ఆడిస్తారని అడుగుతారు. నిజమే. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్ అనే మహామహులు నలుగురూ కలిసి ఆడిన టెస్టు కూడా ఒకే ఒక్కటి, 1967లో బర్మింగ్‌హామ్‌లో. జాగ తక్కువే. కాదనడం లేదు. జాగ తక్కువైనప్పుడే కదా న్యాయం అవసరం! అందరికీ సరిపడా అన్నం ఉన్నకాడ వడ్డించేవాని నిజాయితీతో ఎవరికీ పనిలేదు. గిన్నెలో తక్కువ ఉన్నప్పుడే గరిటె ఎవరి చేతిలో ఉందో చూడాలి.

గోయెల్ 2020 జూన్ 21న, 77 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. జీవితాంతం ఎవరినీ తిట్టలేదని, మంచి మనిషని అందరూ రాశారు. ఆ మంచితనానికి చేతులెత్తి దండం పెడుదాం. కానీ ఆయన అడగలేదు కాబట్టి మనమూ అడగొద్దనడం ఏం న్యాయం? బాధితుడు ఓర్చుకుంటే నేరం మాఫీ అవుతుందా?

విద్యార్థి మిత్రులారా, ఉద్యోగ సోదరులారా! ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నోళ్లు మీరు. సీనియారిటీ జాబితాలో మీ పేరు కింద నుంచి కిందికి జారితే నోటీసు బోర్డు ముందు నిలబడి లెక్క అడిగినోళ్లు మీరు. మార్కులు బయటపెట్టమని, రోస్టర్ చూపించమని కొట్లాడినోళ్లు మీరు. అదే ప్రశ్న క్రికెట్ బోర్డునూ అడగండి. ఈ సీజన్‌లో ఎక్కువ వికెట్లు తీసినోడెవడు, ఎక్కువ పరుగులు చేసినోడెవడు, వాళ్లలో ఎవరిని పిలిచారు, పిలవనోళ్లను ఎందుకు పిలవలేదు? ప్రతి జాబితా కింద నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టమనండి. ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. గుమాస్తా ఉద్యోగానికి పాటించే పద్ధతి దేశం జట్టుకు పాటించమనడం తప్పా?

ఇక రేపెవరన్నా మీ ముందుకొచ్చి "టాలెంట్ ఉన్నోణ్ని ఎవడాపుతడు?" అంటే లొల్లి పెట్టుకోకండి. ఒకే ఒక్క ప్రశ్న అడగండి.

"750 వికెట్లు తీసిన గోయెల్‌ను ఎవరాపిండ్రు?"

జవాబు చెప్పేదాకా వదలకండి.